గోడకు ఇటు బాత్రూము, అటు కారు

“లోపల ఏమైనా వేశారేమో కనుక్కోండి.”

ఆ రోజు సాంబశివరావు గారి ఇంటి సెల్లార్‌లో, చీలమండల దాకా మురుగునీళ్లలో నిలబడి నేను అన్న మాట ఇది. లోపల ఎవరూ ఏమీ వేయలేదు. ఆ సంగతి ఆ మాట అంటున్నప్పుడే నాకు తెలుసు. బాత్రూము చెడింది నా వల్ల. మాట పడింది మాత్రం ఆ సెల్లార్‌లో మగ్గం పని చేసుకునే ఆడవాళ్లు.

ఇళ్లలోకి నీళ్లు వచ్చే దారీ, మురుగు పోయే దారీ వేయించడం నా వృత్తి. మొదట సర్కారు ఉద్యోగంలో, రిటైరయ్యాక సొంతంగా, విజయవాడలోనూ కింద డెల్టా ఊళ్లలోనూ జీవితమంతా ఇదే పని చేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు “మీ అనుభవాలు రాయండి సార్” అంటుంటారు. నేను కట్టించిన పెద్ద పెద్ద ట్యాంకుల గురించి రాస్తాననుకుంటారు కాబోలు. అవి బాగానే పని చేస్తున్నాయి, కనుక వాటి నుంచి నేర్చుకునేదేమీ లేదు. ఈ ఒక్క చిన్న బాత్రూము గురించి రాస్తాను. నా చివరి పని ఇదే. చివరిది కావాలని నేను అనుకోలేదు. దీని తరవాత నన్నెవరూ పిలవలేదు, అంతే.

సెల్లార్ అనే ధైర్యం

పక్కన కృష్ణ, మధ్యలో కాలువలు ఉన్న ఊళ్లో భూమి లోపలికి గది తవ్వాలన్న ఆలోచన మొదట ఎవరికి వచ్చిందో గాని, వాళ్లకు ఈతైనా వచ్చి ఉండాలి. మన వైపు నీళ్లు భూమి కింద ఉన్నాయనుకోవడం కంటే, భూమే నీళ్ల మీద ఉందనుకుంటే ఈ పనిలో సగం తప్పులు తప్పిపోతాయి. అయినా సెల్లార్ లేని ఇంటికి ఇప్పుడు విలువ లేదు.

సాంబశివరావు గారికి ఆటోనగర్‌లో లారీ విడిభాగాల షాపు ఉంది. ఇల్లు మాకు రెండు వీధుల అవతల, బందరు కాలువకు దగ్గర్లో. సగం నేలలోకి, సగం పైకి ఉండేలా సెల్లార్ కట్టించి, దాని మీద ఇల్లు కట్టుకున్నారు. మొదట్లో అక్కడ షాపు సామాను ఉండేది. తరవాత ఆయన భార్య పద్మావతి గారు దాన్ని శుభ్రం చేయించి, మగ్గాలు వేయించి, పెళ్లి జాకెట్లకు వర్క్ చేయించే యూనిట్ పెట్టారు. ఆరుగురు ఆడవాళ్లు పొద్దున వచ్చి మగ్గాల ముందు కూర్చుంటే సాయంత్రం దాకా లేవరు. లేవకపోవడానికి కారణం పని మీద శ్రద్ధ ఒక్కటే కాదని ఆవిడ నన్ను పిలిపించిన రోజే తెలిసింది.

“బాబాయి గారూ, వీళ్లకి కింద ఒక బాత్రూము కట్టించాలండి” అన్నారు పద్మావతి గారు. “నీళ్లు తాగటం మానేశారు.”

నాకు అర్థం కాలేదు. మగ్గం మీంచి తల ఎత్తకుండానే రూతమ్మ అనే ఆవిడ అర్థమయ్యేలా చెప్పింది. ఆ యూనిట్‌లో అందరికంటే పనిమంతురాలు ఆవిడ. పెళ్లికూతుళ్ల తల్లులు పేరు చెప్పి మరీ ఆవిడ చేతనే చేయించమంటారట.

“పైకి పోవాలంటే హాల్లోంచి పోవాలండి. సారు తెల్లారే షాపు తెరిచొచ్చి టీవీ చూసుకుంటా ఉంటారు. ‘ఏంటమ్మా?’ అంటారు. ఏంటో ఏం చెప్తామండి?”

మిగతావాళ్లు జాకెట్ల మీదికి వంగి నవ్వుకున్నారు. రూతమ్మ నవ్వలేదు.

“అందుకని పొద్దున్నించీ నీళ్లు ముట్టం. నేను ఇప్పటికి రెండుసార్లు ఆస్పత్రి పాలయ్యా. డాక్టరమ్మ ఒకటే మాట అంది. నీళ్లన్నా తాగు, లేదంటే ఆ పనన్నా మానెయ్యి అని. పని మానేస్తే మా ఇంట్లో జరగదండి.”

బాత్రూము ఎవరికోసమో, ఎందుకోసమో నాకు అంత స్పష్టంగా చెప్పినవాళ్లు అంతకుముందు లేరు. మామూలుగా ఇంటివాళ్లు టైల్స్ రంగుతో మొదలుపెడతారు.

కారు చోటు

సెల్లార్ నేల రోడ్డు మీది మురుగు చాంబర్ కంటే కిందికి ఉంటుంది. మురుగు తనంతట తాను పైకి ఎక్కదు. కాబట్టి బాత్రూము కింద ట్యాంకు పాతి, మురుగు అందులో పడేలా చేసి, పంపుతో పైకి తోడాలి. పంపు పెట్టామంటే, కిందికి పోవాల్సినదాన్ని పైకి పొమ్మని బతిమాలుతున్నామన్న మాట. కరెంటు ఉన్నంతసేపు వింటుంది.

అలా బతిమాలే అవసరం లేని చోటు ఒకటి ఆ ఇంట్లో ఉంది. సెల్లార్ గోడకు అవతల, ఇంటి పక్క సందులో, నేల మట్టం మీద. సెల్లార్ పక్క తలుపు తీసి నాలుగు మెట్లెక్కితే అక్కడికే వస్తాం. ఎవరి హాల్లోంచీ పోనక్కర్లేదు. అక్కడి నుంచి రోడ్డు చాంబర్ దాకా చక్కటి వాలు ఉంది. పంపు వద్దు, ట్యాంకు వద్దు, ఒక గొట్టం చాలు. ఈ పని చేసేవాడెవడికైనా చూడగానే తెలిసిపోతుంది. నాకూ తెలిసింది.

అక్కడ సాంబశివరావు గారి కొత్త కారు ఉంది.

“ఈ కారు చోటులో అయితే...” అని మొదలుపెట్టాను.

“కారెక్కడ పెట్టుకోమంటారు ఇంజనీరు గారూ? నెత్తి మీదా?” అని ఆయన నవ్వారు.

నేనూ నవ్వాను. ఆ నవ్వు నవ్వకుండా ఉండాల్సింది. నవ్వాక ఇక ఆ విషయం మాట్లాడటం ఎవరికీ కుదరదు. వాస్తు సిద్ధాంతి గారిని కూడా పిలిపించారు. అదీ ఇదీ వాయవ్యమే కనుక గోడకు ఇటైనా అటైనా దోషం లేదన్నారాయన. అభ్యంతరం ఉన్నది కారుకొక్కదానికే.

ఈ వృత్తిలో ఇంటివాళ్లు వద్దన్న మాట మళ్లీ చెప్పడమే అసలు పని. డ్రాయింగులు ఎవరైనా గీస్తారు. రెండోసారి చెప్పినందుకు ఎవరూ మనల్ని కొట్టరు. మహా అయితే ఇంకో ఇంజనీరును పిలుచుకుంటారు. నేను భయపడింది అందుకే. రిటైరయ్యాక నన్ను పిలిచేవాళ్లు తగ్గిపోయారు. ఆ ఇంట్లో కాఫీ బాగుంటుంది. “మా ఇంజనీరు గారుండగా మనకేంటి” అని సాంబశివరావు గారు నలుగురి ముందూ అంటుంటే వినడానికి ఇంకా బాగుండేది.

చల్లపల్లిలో విన్న సంగతి

తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా నాకు వీల్లేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో చల్లపల్లి దగ్గర ఒక హాస్టల్‌కి మురుగు ట్యాంకు కట్టించాను. నా మొదటి పని. ఎండాకాలంలో పూర్తయింది. చూడటానికి మా పై అధికారి వచ్చారు. ఆయన మంచి మనిషని చెప్పను. సెలవు అడిగితే మన వంశంలో అందరి ఆరోగ్యాలూ విచారించేవారు. కానీ మట్టీ నీళ్ల దగ్గర ఆయన మాట పొల్లుపోదు. ట్యాంకు చుట్టూ ఒకసారి తిరిగి, “నీళ్లతో నింపించు” అన్నారు.

“ఇంకా వాడకం మొదలవ్వలేదు కదండీ” అన్నాను.

“ఏమోయ్, పడవెప్పుడైనా చూశావా?”

“చూశానండి.”

“ఎందుకు తేలుతుందది?”

“లోపల ఖాళీ కాబట్టండి.”

“మరి నువ్వు కట్టిందేంటి?”

వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు. ఆ నెలల్లో భూమిలో నీళ్లు కిందికి దిగిపోతాయి. ఎక్కడ తవ్వినా పొడి మట్టే వస్తుంది. వానాకాలం మొదట్లో కాలువలకు నీళ్లు వదిలాక అదే గోతిలో తవ్వకుండానే నీళ్లు ఊరతాయి. అప్పుడు భూమిలో పాతిన ఖాళీ ట్యాంకు పడవలాగే పైకి లేవాలని చూస్తుంది. కాబట్టి దాని కింద కాంక్రీటు వేసి, ట్యాంకును దానికి కట్టేసి, పైన బరువు పెట్టాలి. కాలువలు కట్టేసిన రోజుల్లో తీసిన గోతిని నమ్మకూడదు. ఇదంతా ఆ పై అధికారి ఆ రోజు ఎండలో నిలబెట్టి నాకు చెప్పారు. నేను ఆ తరవాత ఎంతమంది కుర్రవాళ్లకు ఎన్నిసార్లు చెప్పానో. పడవ సంగతి నా సొంత ఆలోచన అన్నట్టు చెప్పేవాణ్ణి.

పొడి మట్టి

శ్రావణంలో పెళ్లిళ్లు మొదలయ్యేలోగా పని అయిపోవాలన్నారు పద్మావతి గారు. అందుకని మేలో గొయ్యి తీయించాం. సాంబశివరావు గారు తెలిసినవాళ్ల షాపు నుంచి పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు తెప్పించారు.

“కాంక్రీటూ గట్రా ఎందుకండీ? తెచ్చి దింపేయడమే. లారీ బండికి డీజిల్ ట్యాంకు బిగించినట్టు” అన్నారు.

డీజిల్ ట్యాంకును బోల్టులు వేసి బిగిస్తారు. ఆ మాటైనా ఆయనతో అనలేదు. గోతిలోకి దిగాను. పిడికెడు మట్టి తీసి, పిండి, ఆయన ముందు రాల్చాను. పొడిపొడిగా రాలింది.

“నీళ్ల భయం లేదండీ” అన్నాను.

“చూశావా పద్మా, అనుభవమంటే అదీ” అన్నారాయన.

ట్యాంకు దింపాం. చుట్టూ ఇసుక పోశాం. పైన టైల్స్ వేశాం. గోడలకు లేత గులాబీ రంగు. మొదటి రోజు ఆడవాళ్లు లోపలికి వెళ్లి ఊరికే లైటు వేసి ఆర్పి చూసుకున్నారు. రూతమ్మ మంచినీళ్ల సీసా ఒకటి కొనుక్కొచ్చి మగ్గం పక్కన పెట్టుకుంది. నాకు చాలా గర్వంగా అనిపించింది.

పంపు అద్భుతంగా పని చేసింది. ట్యాంకులో కాస్త నిండగానే తోడిపోసేది. అంటే ట్యాంకు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. అంత మంచి పంపు కాకపోయి ఉంటే బరువుకైనా ఆ ట్యాంకు ఇంకొన్నాళ్లు ఆగి ఉండేదేమో.

లేచిన రోజు

కాలువలకు నీళ్లు వదిలారు. తరవాత వానలు పట్టుకున్నాయి. ఒక ఉదయం పద్మావతి గారు ఫోన్ చేశారు.

“బాబాయి గారూ, కమోడు పైకొచ్చిందండి.”

“మురుగు పైకొచ్చిందా అమ్మా?”

“అదీ వచ్చింది. ముందు కమోడు వచ్చింది. మీరోసారి రండి.”

వెళ్లి చూస్తే ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. టైల్స్ పగిలి, నేల ఉబ్బి, కమోడు ఒక పక్కకు ఒరిగి, ఎవరో లేపి నిలబెట్టినట్టు ఉంది. కింద గొట్టం విరిగింది. మురుగు సెల్లార్ అంతా పరుచుకుంది. నేల మీద పెట్టిన పట్టు గుడ్డల మూటలు తడిసిపోయాయి. ఆడవాళ్లు మగ్గాలను మెట్ల మీదికి చేరుస్తున్నారు.

చూసిన క్షణంలోనే నాకు తెలిసింది. చల్లపల్లి ఎండ గుర్తొచ్చింది. అప్పుడే సాంబశివరావు గారు ప్యాంటు మడుచుకుంటూ కిందికి దిగి వచ్చి, “ఏమైందండీ?” అని అడిగారు. నిజం చెప్పడానికి రెండు మాటలు చాలు. తప్పు నాది. నా నోటి నుంచి వచ్చింది మొదట రాసిన మాట.

ఆయన వెంటనే మెట్ల వైపు తిరిగారు. “పేలికలేస్తున్నారా అందులో?”

“లేదు సార్. పేలికలు సంచిలో వేస్తాం” అంది రూతమ్మ.

“ఏమీ వెయ్యకుండానే ఇట్టా అవుద్దా?”

రూతమ్మ నా వైపు చూసింది. “మీరు చెప్పండి సార్. పేలికలేస్తే కమోడు పైకి లేస్తదా?”

“తీసి చూస్తే గానీ చెప్పలేం” అన్నాను.

పని నేర్చుకునే పిల్లలకు ఒక మాట. మన వృత్తిలో అందరం మొట్టమొదట నేర్చుకునేవి ఈ రెండు వాక్యాలే. ఏదైనా చెడిపోతే వాడేవాళ్లను అడగడం, వాళ్లు ఎదురడిగితే తీసి చూడాలనడం. మొదటిది నిందను పక్కకు నెడుతుంది, రెండోది వాయిదా వేస్తుంది. చాలాసార్లు అవి నిజాలే కూడా. గుడ్డలు, షాంపూ సాషే కవర్లు, పిల్లల బొమ్మలు, ఏమేం తీయలేదు నేను. నిజమయ్యే అవకాశం ఉన్న మాట కాబట్టే దాని వెనక దాక్కోవడం అంత సులువు. మీరు ఏ మాటైనా అనే ముందు, అది ఎవరి మీద పడుతుందో ఒకసారి చూడండి. ఇంటివాళ్ల మీద పడేదైతే మనం ఎలాగూ ఆచితూచే అంటాం. మన నోరు జారేదల్లా జీతానికి పని చేసేవాళ్ల మీదే.

ఆ రోజే సాంబశివరావు గారు బాత్రూముకు తాళం వేశారు. మర్నాడు రూతమ్మ పనికి రాలేదు. ఇంకో ఇద్దరు కూడా రాలేదు.

ఎవరికి చెప్పాలి

తాళం వేసిన రోజే ఇంటికొచ్చి మా ఆవిడ సుశీలతో జరిగింది చెప్పాను. ట్యాంకు సంగతి, కాలువ సంగతి వివరంగా చెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ విని, “ఇంతకీ వాళ్లేం వేశారంట?” అంది.

“ఏమీ వెయ్యలేదు.”

“మరి వేశారని ఎందుకన్నారు?”

భూగర్భ జలాల గురించి మళ్లీ మొదలుపెట్టబోయాను. “నేను నీళ్ల గురించి అడగలేదండీ” అంది.

మర్నాడు రూతమ్మ పనికి రాలేదని తెలిసి, ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ కృష్ణ కరకట్ట వైపు వెళ్లాను. గుమ్మం ముందు కూర్చుని ఏదో కుడుతోంది. వేరే ఎవరివో మామూలు జాకెట్లు. లోపలికి రమ్మనలేదు గానీ కుర్చీ తెచ్చి వేసింది. నేను తయారు చేసుకుని వెళ్లిన మాటలన్నీ చెప్పాను. ట్యాంకు తేలిందనీ, బరువు పెట్టకపోవడం నా తప్పనీ, మీ తప్పేమీ లేదనీ.

ఆవిడ దారం కొరికి, “ఈ ముక్క నాకెందుకు చెప్తున్నారండి? మేమేమీ వెయ్యలేదని నాకు తెలుసు కదా” అంది. “తెలియాల్సింది ఆయనకి.”

“ఆయనకీ చెప్తాను.”

“ముందు అక్కడ చెప్పొచ్చి, తరవాత ఇక్కడికి రావాల్సింది.”

అది నిజమే. సులువైన చోటికి ముందు వెళ్లాను. అక్కడి నుంచి ఆటో ఎక్కి తిన్నగా ఆటోనగర్ వెళ్లాను. సాంబశివరావు గారి షాపు ముందు ఇద్దరు లారీ డ్రైవర్లు స్ప్రింగు పట్టీలు బేరమాడుతున్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామా అనిపించింది. ఆగితే మళ్లీ కాఫీ వస్తుంది, కాఫీ తాగాక నా ధైర్యం సంగతి నాకు తెలుసు.

“సాంబశివరావు గారూ, ఆడవాళ్లు అందులో ఏమీ వెయ్యలేదండి. తప్పంతా నాది. ట్యాంకుకి బరువు పెట్టించలేదు. కాలువలొదిలితే లేస్తుందని నాకు తెలుసు.”

డ్రైవర్లు బేరం ఆపేశారు.

“తెలుసా?” అన్నారాయన. “మరి ఆ రోజు అట్టా అన్నారేంటండీ?”

“భయపడ్డానండి.”

“ఎవరికి? నాకా?” ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. “నాకు మా షాపులో గుమస్తాలే భయపడరు కదండీ.”

డ్రైవర్లలో ఒకాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. సాంబశివరావు గారు ఆయన్ని ఒక చూపు చూసి, స్టూలు నా వైపు జరిపి, “సరే, ఏం చేద్దామో చెప్పండి. ట్యాంకుని కాంక్రీటులో పాతేద్దామా?” అన్నారు.

“వద్దండి. అక్కడ ఏం పాతినా మళ్లీ పంపు కావాలి, కరెంటు కావాలి. దాన్ని పూడ్చేయాలి. కారు చోటులో కట్టాలి.”

“మళ్లీ కారు దగ్గరికే వచ్చారా?”

“మొదటి రోజే రెండోసారి చెప్పాల్సింది. ఇవాళ చెప్తున్నాను.”

“మరి కారెక్కడ పెట్టుకోను సార్ నేను?” ఈసారి ఆయన నవ్వలేదు.

“మా ఇంట్లో పెట్టుకోండి. నా కారు అమ్మేశాను. షెడ్డు ఖాళీగానే ఉంది.” ఖాళీగా లేదు. సుశీల పూలకుండీలు ఉన్నాయి. కానీ ఈ వ్యవహారంలో నేనాడిన అబద్ధాల్లో అది చిన్నది.

“నేను తెల్లారేసరికి షాపుకి రావాలి. పొద్దున్నే మీ గేటు ఎవరు తీస్తారు?”

“నేను తీస్తాను.”

తరవాత

పద్మావతి గారు ఒక షరతు పెట్టారు. షాపులో చెప్పిన మాట సెల్లార్‌లో కూడా చెప్పాలన్నారు. రూతమ్మకు కబురు పెట్టి పిలిపించారు. మగ్గాల మధ్య నిలబడి, సాంబశివరావు గారి ఎదురుగా, అందరికీ చెప్పాను. ఆయన కూడా గొంతు సవరించుకుని, “నేనూ తొందరపడి అన్నానమ్మా” అన్నారు. ఆ మాట ఆయన చేత అనిపించాలని నేను అనుకోలేదు. ఆయనంతట ఆయనే అన్నారు.

తడిసిన పట్టు గుడ్డలకు నా ఫీజు పోను ఇంకాస్త పడింది, ఇచ్చాను. ట్యాంకును పైకి లాగించి గొయ్యి పూడ్పించాను. సుశీల పూలకుండీలన్నీ నేనే మేడ మీదికి మోశాను. కారు చోటులో కొత్త బాత్రూము కట్టేటప్పుడు రోజూ వెళ్లాను. ఈసారి డ్రాయింగు గీసే ముందు రూతమ్మను ఏం కావాలో అడిగాను. అడగడం మొదలుపెడితే ఆవిడ ఆగలేదు. సంచి తగిలించుకోవడానికి కొక్కెం కావాలంది. వెంటిలేటర్ వీధి వైపు వద్దంది. “లోపలి గడియ కాస్త కిందికి పెట్టించండి, మాలో పొట్టివాళ్లున్నారు” అంది. ఆ మాట తగిలిన పొట్టి అమ్మాయి ఒకతె మగ్గం చాటు నుంచి “అక్కా” అని గదమాయించింది.

గొట్టం వేసిన రోజు ఒక బకెట్ నీళ్లు పోసి, రోడ్డు చాంబర్ దగ్గరికి పరుగెత్తుకెళ్లి చూశాను. నా వయసులో పరుగెత్తక్కర్లేదు. నీళ్లు నిదానంగా, ఎవరూ బతిమాలకుండా వచ్చి పడ్డాయి.

రూతమ్మ మళ్లీ పనిలోకి వచ్చింది. నన్ను క్షమించిందో లేదో తెలియదు, నేను అడగలేదు. ఆడవాళ్లు నాకు గేటు సారని పేరు పెట్టారని మాత్రం పద్మావతి గారు చెప్పారు.

పేరు తగినదే. రోజూ తెల్లవారుతుండగా సాంబశివరావు గారు మా ఇంటి ముందుకొచ్చి, ఇరుగుపొరుగు లేవకూడదని నెమ్మదిగా గేటు కొడతారు. నేను లేచి తాళం తీస్తాను. కారు బయటికి తీశాక అద్దం దించి, “ఈ చలిలో మీకెందుకండీ శ్రమ? తాళంచెవి ఒకటి నాకిచ్చెయ్యండి, నేనే తీసుకుంటాను” అంటారు.

ఇంట్లో ఇంకో తాళంచెవి ఉంది. ఇంకా ఇవ్వలేదు.